అంటుకోవడంలో రకాలు: కమోడ్ గార నుంచి కదలని కుళాయి దాకా

కమోడ్ అడుగున గోధుమరంగు గార పడుతుంది. ఎంత తోమినా కదలదు. బ్లీచ్ పోస్తే తెల్లబడుతుంది కానీ కొద్ది రోజుల్లో మళ్లీ తేలుతుంది. సింకు పైపు మూసుకుపోతే కాగే నీళ్లు పోస్తారు. ఆ పూటకు దారి ఇస్తుంది, నెల తిరిగేసరికి మళ్లీ అదే తంతు. బిగుసుకుపోయిన కుళాయిని పాన పట్టి తిప్పితే కుళాయి రాదు, గోడలో పైపు మెలిపడుతుంది. ఈ మూడింటిలోనూ కష్టం తక్కువేమీ కాలేదు. రోగం ఒకటైతే మందు ఇంకొకటి పడింది, అంతే.

సంక్షిప్తంగా: "అంటుకుంది" అన్న ఒక్క మాట కింద వేరువేరు పనులు జరుగుతుంటాయి. తడి వల్ల పట్టుకునేది ఒకటి. ఖనిజం గడ్డకట్టి పట్టేది ఒకటి. పీచులు చిక్కుపడి ఆగేది మరొకటి. గాలి ఒత్తిడి వల్ల అతుక్కునేది ఇంకొకటి. తడి పట్టును నీరు, ఖనిజాన్ని ఆమ్లం, చిక్కును కొక్కెం, ఒత్తిడిని గాలి వదిలిస్తాయి. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు. కొన్నిసార్లు హాని కూడా చేస్తుంది.

ఫ్లష్ నెడుతుందా, లాగుతుందా

మీట నొక్కగానే ట్యాంకు నీరు దూకి లోపలున్నదాన్ని నెట్టుకుపోతుందని అనుకుంటాం. కమోడ్‌లలో ఒక రకానికి ఇది నిజం. ఇంకో రకానికి సగమే నిజం.

వాష్‌డౌన్ రకంలో గిన్నె వెనకున్న వంపు దారి పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. పైనుంచి పడే నీటి బరువూ వేగమూ కలిసి సరుకును వంపు అంచు దాటించి అవతలికి తోస్తాయి. సైఫన్ రకంలో దారి పొడుగ్గా, సన్నగా, మెలికలు తిరిగి ఉంటుంది. ట్యాంకు నీరు ఒక్కసారిగా దిగి, గాలికి చోటు లేకుండా ఆ దారిని నింపేస్తుంది. అవతలి వైపు నిండిన నీటి స్తంభం కిందికి జారుతూ గిన్నెలోని నీటిని వెంట లాక్కుపోతుంది. చివర్లో గుటక వేసినట్టు వినిపించే చప్పుడు, దారిలోకి గాలి దూరి ఆ లాగుడు తెగిపోయిందనడానికి గుర్తు.

మగ్గుతో నెమ్మదిగా ఎన్ని నీళ్లు పోసినా కమోడ్ నిండదు, ఫ్లష్ కూడా కాదు. పోసినంత నీరూ వంపు అంచు మీదుగా చల్లగా జారిపోతుంది. దారి నిండా నీరు పట్టదు కాబట్టి లాగుడు మొదలవదు. అవే నీళ్లను బకెట్‌తో ఒక్క ఊపున గుమ్మరిస్తే ట్యాంకు లేకుండానే ఫ్లష్ అవుతుంది. ఇక్కడ లెక్క నీటి మొత్తానిది కాదు, అది వచ్చే వేగానిది. ఫ్లష్ రోజురోజుకూ నీరసపడుతుంటే ట్యాంకు చిన్నదనుకోవడం పొరపాటు. అంచు కింద వరుసగా ఉండే చిన్న రంధ్రాలు సున్నంతో సగం పూడుకుపోయి ఉండొచ్చు. ట్యాంకులో ఉన్నది అంతే నీరైనా దిగడానికి ఎక్కువసేపు పడుతుంది, లాగుడు అందుకోదు.

రెండు రకాల మధ్య తేడా మరకల దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాష్‌డౌన్‌లో నిలిచి ఉండే నీటి విస్తీర్ణం తక్కువ, కాబట్టి మలం పొడి పింగాణీ మీద పడి చారలు మిగులుస్తుంది. దారి మాత్రం వెడల్పు, అంత తొందరగా మూసుకుపోదు. సైఫన్ రకంలో నీరు గిన్నెలో విశాలంగా పరుచుకుని ఉంటుంది, చారలు తక్కువ. కానీ దాని దారి చాలా నమూనాల్లో సుమారు 50 మిల్లీమీటర్లే. కాస్త పెద్దదేదైనా పడితే మెలికలో ఆగిపోతుంది. చార వద్దనుకుంటే అడ్డు, అడ్డు వద్దనుకుంటే చార. రెండూ లేని కమోడ్ కోసం వెతికేవారికి కంపెనీల ప్రకటనలు ఈ బేరం సంగతి చెప్పవు.

నీరు సుడి తిరిగే దిక్కు భూమధ్యరేఖకు అటూ ఇటూ మారుతుందన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. కమోడ్‌లో సుడిని నిర్ణయించేది అంచు కింది రంధ్రాల వాలు. భూభ్రమణ ప్రభావం అబద్ధం కాదు, కానీ అది చాలా సూక్ష్మం. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆషర్ షపీరో 1962లో దాన్ని చూపించడానికి సుమారు 6 అడుగుల వెడల్పు తొట్టిలో నీటిని ఒక రోజంతా కదలకుండా ఉంచాల్సి వచ్చింది.

వంపులో నిలిచే ఆ కాస్త నీరు

మలాన్ని నీటితో కడిగేసే మరుగుదొడ్డిని ఇంగ్లండ్‌లో జాన్ హారింగ్టన్ 1596లోనే వర్ణించాడు. అయినా అది వెంటనే ఇళ్లలోకి రాలేదు. పైపు నేరుగా కిందికి దిగితే మలం పోయిన దారినే దుర్వాసన పైకి వస్తుంది. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ పేటెంట్ పొందిన నమూనాలో ఎస్ ఆకారపు వంపు చేరింది. ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు మిగిలి, మురుగు గాలికి మూతలా పనిచేస్తుంది. ఫ్లష్ కమోడ్ కనిపెట్టింది థామస్ క్రాపర్ అని చెప్పుకోవడం మామూలే కానీ, ఆయన పుట్టేనాటికే కమ్మింగ్ పేటెంట్‌కు అరవై ఏళ్లు. క్రాపర్ ఈ సామాను తయారుచేసి, అమ్మి, కొన్ని మెరుగులు దిద్దినవాడు.

ఈ నీటి మూత లోతు సాధారణంగా 50 మిల్లీమీటర్లు లేదా ఇంకాస్త ఎక్కువ. ఇల్లంతటినీ మురుగు కాలువ నుంచి వేరుచేస్తున్నది నాలుగు వేళ్ల మందం కూడా లేని నీరు. వాడని బాత్రూములో కొన్ని వారాలకు వాసన రావడానికి కారణం సాధారణంగా ఇదే. నేల మీది జాలీ కింద ఉన్న వంపులో నీరు ఆవిరైపోతుంది. ఒక మగ్గు నీళ్లు పోస్తే వాసన ఆగిపోతుంది. ఎక్కువ రోజులు ఇల్లు మూసి వెళ్లేటప్పుడు పైన కాస్త వంటనూనె వేస్తే అది పొరలా తేలి ఆవిరిని తగ్గిస్తుంది. సువాసన ద్రావకాలు చల్లితే వాసనకు ముసుగు పడుతుందే తప్ప, గాలి వచ్చే దారి తెరిచే ఉంటుంది. ఆ గాలిలో మీథేన్‌తో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. మోతాదు బాగా పెరిగితే అది ముక్కుకు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. మురుగు గుంతల్లో అంత ప్రమాదకరం కావడానికి ఇదొక కారణం.

నీరు ఎండిపోకుండానే మూత పోయే సందర్భమూ ఉంది. ఒకచోట ఫ్లష్ చేస్తే పక్క సింకులోనో నేల జాలీలోనో గుడగుడమని చప్పుడు వస్తుంది. పైపులో దూసుకుపోతున్న నీరు వెనక గాలిని పలచబరుస్తుంది. ఆ లోటును పూడ్చడానికి గాలి ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. పైకప్పు దాటి నిలబెట్టే గాలి గొట్టం అందుకే. ఆ గొట్టం లేకపోయినా, పక్షిగూడుతోనో ఆకులతోనో మూసుకుపోయినా, గాలి పక్క వంపులోని నీటిని చీల్చుకుని వస్తుంది. గుడగుడ వినిపిస్తే సింకును విప్పడం కంటే ముందు మిద్దె మీది గొట్టాన్ని చూడటం మేలు.

అసలు అంటుకోవడం అంటే

ఏ రెండు పదార్థాల అణువులనైనా చాలా దగ్గరకు తెస్తే అవి ఒకదాన్నొకటి కొంచెం ఆకర్షించుకుంటాయి. ఈ ఆకర్షణ చాలా బలహీనం, పైగా దూరం పెరిగితే ఇట్టే పడిపోతుంది. గట్టి వస్తువులు పైకి నునుపుగా కనిపించినా సూక్ష్మంగా చూస్తే కొండలూ లోయలే. రెండు గాజు పలకలను ఆనించినా నిజంగా తాకేది కొద్దిచోట్లే. అందుకే పొడి వస్తువులు ఒకదాన్నొకటి పట్టుకోవు.

మధ్యలోకి ద్రవమో మెత్తని పదార్థమో వస్తే కథ మారుతుంది. అది లోయల్లోకి పారి తాకే వైశాల్యాన్ని పెంచుతుంది. అన్ని జిగుర్ల మొదటి సూత్రం ఇదే: ముందు పారాలి, తరవాత గట్టిపడాలి. తడి గాజు పలకలను నిలువుగా విడదీయడం కష్టం, పక్కకు జరిపితే సులువుగా జారతాయి. నీటి పొర విడదీతను అడ్డుకుంటుంది, జారుడును అడ్డుకోదు. తడి బల్ల మీద గ్లాసు అతుక్కుంటే చాలామంది ఎత్తబోతారు. పక్కకు జరిపితే చాలు.

ఏ ద్రవం ఏ ఉపరితలం మీద పరుచుకుంటుందన్నది రెంటి స్వభావాన్ని బట్టి ఉంటుంది. శుభ్రమైన గాజు మీద నీరు పలచగా పరుచుకుంటుంది. టెఫ్లాన్ మీద ఆ చుక్కే ముడుచుకుని, అంచు దగ్గర సుమారు 110 డిగ్రీల కోణంతో నిలుస్తుంది. తామరాకు మీద ఆ కోణం 150 డిగ్రీలు దాటి చుక్క దాదాపు గోళీ అయిపోతుంది. తామరాకు మీద నీటిబొట్టు గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. చెప్పాల్సింది దాని నిర్మాణం గురించే. ఆకు మైనపుదే కాదు, గరుకుది కూడా. సూక్ష్మమైన బొడిపెల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది, బొట్టు చాలావరకు గాలి మీదే కూర్చుంటుంది. గరుకుతనం పట్టును పెంచుతుందన్నది సామాన్య సూత్రం. దాన్ని తలకిందులు చేసి చూపించేది ఈ ఆకు.

పింగాణీ కమోడ్ తామరాకుకు పూర్తిగా వ్యతిరేకం. మట్టిని సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి, పైన గాజు పూత కరిగించి చేస్తారు. ఆ పూతకు నీరంటే ఇష్టం. అందులోనే మేలూ ఉంది, కీడూ ఉంది. మలంలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. మిగతాది బ్యాక్టీరియా, పీచు, కొవ్వు, జిగురు పొర. అలాంటి మెత్తని తడి పదార్థం పొడి పింగాణీ మీద పడితే దాని లోయల్లోకి చక్కగా పారి కూర్చుంటుంది. పింగాణీ అప్పటికే తడిసి ఉంటే నీటి పొర ముందే ఆ చోటును ఆక్రమించి ఉంటుంది. అందుకే వాడకముందు గిన్నెను ఒకసారి తడిపితే చారలు బాగా తగ్గుతాయి. ఇంత చవకైన ఉపాయం మరొకటి లేదు.

ఆహారంలోని కొవ్వు ఒంటికి పట్టకపోతే మలం మరీ జిడ్డుగా, పాలిపోయి, గిన్నెకు అంటుకునేలా తయారవుతుంది. ఇది రోజుల తరబడి సాగితే కమోడ్‌ను వదిలి వైద్యుణ్ని చూడాలి. నీటిపై తేలడానికి మాత్రం కారణం కొవ్వని చాలాకాలం అనుకున్నారు. 1972లో అమెరికా పరిశోధకులు లెవిట్, డ్వేన్ చేసిన పరీక్షలో ఒత్తిడి పెంచి లోపలి వాయువును కుదించగానే తేలేవి మునిగాయి. తేల్చేది గాలి. ఫ్లష్ చేసినా మళ్లీ పైకి రావడానికీ అదే కారణం. కిందికి దిగే నీరు తేలేదాని పక్కనుంచి జారిపోతుంది.

తోమితే పోనిది తోమడం ఎందుకు

నీటి అంచు వెంబడి గీతలా, అడుగున పెచ్చులా పేరుకునేది మురికి కాదు, రాయి. నీరు ఆవిరైనచోట దానిలో కరిగి ఉన్న కాల్షియం కార్బొనేట్‌గా మిగిలిపోతుంది. కమోడ్‌లో దీనికి తోడు మూత్రం ఉంటుంది. అందులోని యూరియాను బ్యాక్టీరియా ఎంజైములు అమ్మోనియాగా విడగొడతాయి. దాంతో ఆ చోట క్షారగుణం పెరిగి, అప్పటిదాకా కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్లు గట్టిగా పేరుకుంటాయి. పైకి కనిపించే గోధుమరంగు, ఆ రాతి సందుల్లో ఇరుక్కున్న మలినాలదో నీటిలోని ఇనుముదో అయి ఉంటుంది.

బ్లీచ్ ఇక్కడే మోసం చేస్తుంది. అది రంగును చంపుతుంది, రాయిని ముట్టుకోదు. చూడటానికి కమోడ్ తెల్లబడుతుంది కానీ గరుకు పెచ్చు అలాగే ఉంటుంది. గరుకు మీద కొత్త మురికి తొందరగా నిలుస్తుంది. రాయిని కరిగించేది ఆమ్లం. మామూలు టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సిట్రిక్ ఆమ్లం, వెనిగర్ అదే పనిని నెమ్మదిగా చేస్తాయి. బ్రష్షు కన్నా వ్యవధి ముఖ్యం. ఆమ్లం రాయిని పైపైనుంచి ఒక్కొక్క పొరగా తింటుంది. గిన్నెలో నీరు నిలిచి ఉండగా పోస్తే పలచబడిపోయి పనిచేయదు. ముందు బ్రష్షుతో పొడిచి నీటిని వంపు అవతలికి తోసి, మరక మీద నేరుగా ఆమ్లం పడేలా చేసి వదిలేయాలి. చాలా ఇళ్లలో దీనికి తిరగేసిన క్రమం నడుస్తుంది: పోయడం, వెంటనే తోమడం, వెంటనే ఫ్లష్ చేయడం.

ఆ ఆమ్లమే పాలరాతి నేల మీద పడితే నేలను తింటుంది, ఎందుకంటే పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే. పలకల మధ్య సిమెంటునూ, కుళాయి మీది మెరుపు పూతనూ వదలదు. రాపిడి పొడులూ ఇనుప పీచూ గాజు పూత మీద గీతలు పెడతాయి. గీత పడినచోట మరక మరింత తొందరగా ఇల్లు కట్టుకుంటుంది. ఏళ్ల తరబడి గట్టిగా తోమిన కమోడ్ కొత్తదానికన్నా తొందరగా మాసిపోవడానికి రహస్యం ఇంతే.

బ్లీచ్‌నూ ఆమ్ల క్లీనర్‌నూ కలపకూడదన్నది సీసాల మీద రాసే లాంఛనం కాదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూములో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బ్లీచ్, అమ్మోనియా కలిసినా విషవాయువులే. ఒకటి పనిచేయలేదని రెండోది పైన పోయడంలోనే ప్రమాదం. మధ్యలో పుష్కలంగా నీళ్లు పోసి కడగాలి.

కాగితం పోతుంది, తడి గుడ్డ పోదు

టాయిలెట్ కాగితంలో పొట్టి మొక్కపీచులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. నీరు తగలగానే ఆ బంధాలను నీటి అణువులు లాగేసుకుంటాయి, కాగితం పిప్పి అవుతుంది. వంటింటి కాగితానికీ ముఖం తుడుచుకునే కాగితానికీ తడిసినా చిరగకుండా ఉండేందుకు రెసిన్ కలుపుతారు. చూడటానికి ఒకేలా ఉన్నా పైపులో వాటి నడత వేరు.

తడి తుడుపు గుడ్డలది ఇంకో దారి. వాటిలో పొడుగాటి పీచులను, చాలావాటిలో పాలియెస్టర్‌తో సహా, బలమైన నీటి ధారలతో ఒకదానిలో ఒకటి దూర్చి చిక్కు వేస్తారు. అక్కడ విడిపోవడానికి బంధమే లేదు, ఉన్నది ముడి. నీటిలో నెలలున్నా ముడి ముడే. కమోడ్ దాటిపోయింది కదా అని ఊపిరి పీల్చుకోవడం తొందరపాటు. అది ఎక్కడో పైపు అతుకు దగ్గర, చెట్టు వేరు దూరినచోట తగులుకుని, తన వెనక వచ్చేదాన్నల్లా పట్టుకుంటుంది.

దానికి తోడయ్యేది జిడ్డు. వంట నూనెలు వేడిగా ఉన్నప్పుడు పారతాయి, చల్లబడితే గోడకు పడతాయి. మురుగులో ఆ కొవ్వు విడిపోయి కొవ్వు ఆమ్లాలు పుడతాయి. నీటిలోనూ కాంక్రీటులోనూ ఉన్న కాల్షియంతో అవి కలిస్తే తయారయ్యేది ఒక రకం సబ్బు. నీటిలో కరగని, రాయిలాంటి సబ్బు. లండన్‌లోని వైట్‌చాపెల్ కింద 2017లో బయటపడిన అలాంటి గడ్డ పొడవు 250 మీటర్లు, బరువు సుమారు 130 టన్నులు. పనివాళ్లు దాన్ని వారాల తరబడి తవ్వి తీశారు. అందులో ఒక ముక్క మ్యూజియంలో ప్రదర్శనకు కూడా వెళ్లింది.

ఇదే రసాయనం చిన్న ఎత్తున ప్రతి బాత్రూములోనూ నడుస్తుంది. కాల్షియం ఎక్కువున్న ఉప్పునీటిలో సబ్బు నురగ రాదు, తెల్లగా విరుగుతుంది. ఆ విరుగుడే కాల్షియం సబ్బు. అది వెంట్రుకల చిక్కులో ఇరుక్కుని నేల జాలీ కింద బూడిదరంగు ముద్ద అవుతుంది. దాన్ని కొక్కెంతో బయటికి లాగడమే సరైన వైద్యం. కాస్టిక్ సోడా వెంట్రుకల ప్రోటీన్‌నూ కొవ్వునూ కరిగిస్తుంది కానీ, ప్లాస్టిక్‌నూ సున్నపురాయినీ ఏమీ చేయదు. నీటితో కలిసినప్పుడు బాగా వేడెక్కుతుంది కూడా. తుడుపు గుడ్డ అడ్డుపడినచోట పోస్తే, గుడ్డ అలాగే ఉండి, దానిపైన క్షారపు గుంట తయారవుతుంది. తరవాత పైపు విప్పేవారి చేతుల మీద పడేది అదే.

కాగే నీళ్ల సంగతీ అంతే. జిడ్డు కరిగి అక్కడినుంచి జరుగుతుంది, నాలుగు మీటర్ల అవతల చల్లబడి మళ్లీ పట్టేస్తుంది. అడ్డు చెయ్యి అందే చోటు నుంచి అందని చోటుకు మారుతుంది. ప్లాస్టిక్ పైపులు మెత్తబడటం, చల్లని పింగాణీ గిన్నె పగలడం అదనం.

పైపు వాటం మీద కూడా కొంత ఆధారపడుతుంది. 100 మిల్లీమీటర్ల మురుగు పైపుకు 40 నుంచి 80 మీటర్ల పొడవుకు ఒక మీటరు చొప్పున వాలు ఇవ్వడం పరిపాటి. నీరు సెకనుకు సుమారు 0.6 మీటర్లకు తగ్గకుండా పారితే మడ్డిని వెంట తీసుకుపోతుంది. అంతకన్నా నిదానిస్తే మడ్డి దిగి కూర్చుంటుంది.

ప్లంజర్ పట్టు

ప్లంజర్‌ను చాలామంది సుత్తిలా వాడతారు. దాని పని దెబ్బ కొట్టడం కాదు, ముందుకూ వెనక్కూ ఊపడం. నీరు కుదించుకుపోదు, కాబట్టి కప్పు కింద నీరుంటే చేతి ఊపు మొత్తం అడ్డును చేరుతుంది. గాలి ఉంటే అది స్ప్రింగులా నలిగి ఊపును మింగేస్తుంది. కప్పు మునిగేంత నీరు ఉండాలనడం అందుకే. లాగే ఊపు తోసే ఊపు కన్నా ఎక్కువ పనిచేస్తుంది, చిక్కుకున్నది వచ్చిన దారినే వదులవుతుంది. సింకుకు చదునైన కప్పు సరిపోతుంది. కమోడ్ రంధ్రానికి మాత్రం కింద గొట్టంలా అంచు పొడుచుకొచ్చినది కావాలి, లేకపోతే పక్కలనుంచి గాలి పోతుంది.

ప్లంజర్ నేలకు అతుక్కోవడం మరో రకం పట్టు. కప్పులో జిగురేమీ లేదు. లోపలి గాలి బయటికి పోయాక బయటి వాతావరణం దాన్ని నొక్కి పెడుతుంది. ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువుతో సమానం. 12 సెంటీమీటర్ల వ్యాసమున్న కప్పు లోపల పూర్తి శూన్యం ఉంటే 115 కిలోల దాకా బరువు దాన్ని పట్టి ఉంచినట్టే. నిజంలో శూన్యం అంత పూర్తిగా ఏర్పడదు. ఇలాంటి పట్టును బలంతో గెలవాల్సిన పని లేదు. అంచును గోటితో కాస్త లేపి గాలి దూరనిస్తే చాలు. గోడకు అంటించే రబ్బరు కొక్కేలు కొన్నాళ్లకు ఊడిపడటానికీ కారణం ఈ గాలే, సూక్ష్మమైన సందుల్లోంచి అది నెమ్మదిగా లోపలికి చేరుతుంది. అంచును తడిపి అంటిస్తే నీరు ఆ సందులను పూడ్చి వాటి ఆయుష్షు పెంచుతుంది.

బిగుసుకున్న మర, అతికిన పైపు

కదలని కుళాయి వెనక ఉండేది మూడింట్లో ఒకటి. సున్నం పేరుకుని పట్టి ఉండొచ్చు, దానికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి రాత్రంతా వదిలితే ఫలితం ఉంటుంది. తుప్పు అయి ఉండొచ్చు. ఇనుము తుప్పుగా మారితే అంతకుముందు కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, మర సందులో అది మేకు దిగ్గొట్టినట్టే. ఇనుప పైపుకు ఇత్తడి కుళాయి బిగించినచోట నీటి సమక్షంలో ఇనుము మరింత తొందరగా తుప్పు పడుతుంది. అక్కడ సందుల్లోకి పాకే పలచని నూనె వేసి, ఓపిగ్గా ఆగి, కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ కదపాలి. మూడోది స్టెయిన్‌లెస్ స్టీలు మరలది. వాటి పై పొర ఒరుసుకుపోయి లోహం లోహంతో అతుక్కుంటుంది. పొడి మరను బలంగా తిప్పిన ప్రతిసారీ అది ముదురుతుంది. ఇక్కడ ఆమ్లం పనిచేయదు, తరచూ కోసేయడమే మిగులుతుంది.

మరకు చుట్టే తెల్ల టేపును చాలామంది జిగురు టేపు అనుకుంటారు. నిజానికి అది దేనికీ అంటుకోని పదార్థం. అమెరికా రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ 1938లో అనుకోకుండా కనిపెట్టిన టెఫ్లానే అది. మర దంతాల మధ్య నలిగి సందులను నింపడం, మరను మరికాస్త లోపలికి జారనివ్వడం దాని పని. నీరు ఆగేది అంటుకోవడం వల్ల కాదు, ఖాళీ లేకపోవడం వల్ల. బిగించే దిశలోనే చుట్టాలి, తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడివస్తుంది.

పీవీసీ పైపులకు రాసేది కూడా మామూలు అర్థంలో జిగురు కాదు. ఆ ద్రావకం రెండు ప్లాస్టిక్ ముక్కల పై పొరలనూ ఉబ్బించి మెత్తబరుస్తుంది, ఇటు అణు గొలుసులు అటు కలిసిపోతాయి. ద్రావకం ఎగిరిపోయాక మిగిలేది ఒకే ముక్క. విప్పడం అన్న ప్రశ్నే ఉండదు, కోయాలి. రాసిన వెంటనే కొద్దిగా తిప్పుతూ దూర్చి కాసేపు పట్టుకోమనడం ఆ కలయిక సమంగా జరగడానికే.

నీరు తగ్గితే

అంటుకున్నదాన్ని వదిలించే పని ఇన్నాళ్లూ నీటి మీదే వేశారు. పాత కమోడ్‌లు ఒక ఫ్లష్‌కు 13 లీటర్లు, కొన్ని అంతకు మించి వాడేవి. ఆస్ట్రేలియాలో 1980ల తొలినాళ్లలో రెండు మీటల ఫ్లష్ మార్కెట్‌లోకి వచ్చింది. అమెరికా 1992 చట్టంతో కొత్త కమోడ్‌లకు 6 లీటర్ల హద్దు పెట్టింది. మొదట్లో చాలామంది రెండుసార్లు ఫ్లష్ చేయాల్సి వచ్చిందని ఫిర్యాదు చేశారు. పాత గిన్నెకే ట్యాంకు తగ్గించి సరిపెట్టిన నమూనాలు కొన్ని అప్పట్లో వచ్చాయి. సైఫన్ మొదలవ్వాలంటే వేగం కావాలి, ఆ వేగం ఆ నమూనాల్లో లేదు. దారి ఆకారం, ట్యాంకు కింది కవాటం వెడల్పు మార్చాక పరిస్థితి మెరుగుపడింది. 2003లో ఉత్తర అమెరికాలో మొదలైన ఒక పరీక్షా విధానంలో మలానికి బదులు సోయా ముద్దను వాడి, ఏ కమోడ్ ఎన్ని గ్రాములను ఒక్క ఫ్లష్‌తో పంపుతుందో కొలవసాగారు. కొనేవారికి లీటర్ల అంకె కన్నా ఈ గ్రాముల అంకె ఎక్కువ చెబుతుంది.

ఇంకో దారి పట్టునే తగ్గించడం. విమానాల్లో గిన్నెకు అంటుకోని పూత ఉంటుంది. అక్కడ పని చేసేది నీరు కాదు, గాలి ఒత్తిడిలో తేడా. అర లీటరుకు అటూ ఇటూగా నీటితో పని అయిపోతుంది. పురుగులను పట్టే కూజా మొక్క అంచు తడి పొరతో జారుడుగా ఉండటం చూసి, హార్వర్డ్ పరిశోధకులు 2011లో ద్రవాన్ని పట్టి ఉంచే ఉపరితలాలను రూపొందించారు. ఆ బాటలోనే 2019లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ బృందం పింగాణీ మీద చల్లే రెండు పొరల పూతను ప్రకటించింది. మొదటిది వెంట్రుకల్లాంటి అణువులను నాటుతుంది, రెండోది వాటి మధ్య నూనె పొరను నిలుపుతుంది. సుమారు 500 ఫ్లష్‌ల తరవాత ఆ నూనె పొరను మళ్లీ వేయాలి.

గిన్నె జారుడుగా మారితే అక్కడ నీరు తక్కువ పడుతుంది. కానీ వంపు దాటాక ఉన్న పైపుకు ఆ పూత ఉండదు. అక్కడ సరుకును ముందుకు తీసుకుపోవాల్సింది ఆ తగ్గించిన నీరే. వాటం సరిగా ఉన్న పొట్టి పైపుల్లో అది చాలుతుంది. పొడవాటి, దాదాపు చదునైన పాత పైపుల్లో మాత్రం గిన్నెకు అంటుకోవడం మానేసినది అవతల పది మీటర్ల దూరంలో ఆగుతుంది.